తలుపులో పడ్డ మాటలు

తెల్లారి పాలు పొంగేలోపే మొక్కలావిడ కుండీలన్నీ పికప్ బండిలో సర్దేసేది. పొడుగువి క్యాబిన్ వైపు, పొట్టివి అంచున, పూలున్నవి గాలి తగలకుండా మధ్యలో. అవి ఆవిడ సొంత మొక్కలేం కావు. ఊరి చివర నర్సరీవాళ్ళు పెంచుతారు, ఆవిడా ఆవిడ భర్తా ఇంటింటికీ తీసుకెళ్ళి ఇస్తారు. దారిలో ఏ కొమ్మయినా విరిగితే నర్సరీవాళ్ళు వెనక్కి తీసుకోరు కాబట్టి, అలాంటివి ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళేది. విరిగినవీ, వాడినవీ, ఎవరికీ అక్కర్లేనివీ అన్నీ ఆవిడ వంటింటి కిటికీ దగ్గర చేరి పచ్చగా నవనవలాడుతుండేవి.

బండి నడిపేది ఆవిడ భర్త. వీధంతా ఆయన్ని మౌనంగారనే పిలుస్తుంది. కూరలో ఉప్పు తక్కువైనా పలకడు, ఎక్కువైనా పలకడు. స్టీరింగ్ ముందు కూర్చున్నాక ఆయన నోటి నుంచి వచ్చేది ఒకటే ప్రశ్న. "ఎడమా, కుడా?" ఆవిడ దారి చెప్పేది, ఆయన తిప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో ఈ నెమ్మదితనమే ఆవిడకి ముద్దొచ్చింది. తర్వాత తర్వాత, వెనక ఉన్న కుండీలకీ ముందు కూర్చున్న తనకీ పెద్ద తేడా ఏముందా అనిపించడం మొదలైంది.

బండి పక్క అద్దాల సంగతి తెలియనివాళ్ళు ఎవరున్నారు? ఎత్తి ఉన్నప్పుడు లోపల ఏం మాట్లాడినా పట్టేసుకుంటాయి. ఆ తర్వాత బండి గతుకులో ఎగిరినా, ఎవరైనా వేలితో తట్టినా ఓ మాట జారవిడుస్తాయి. దించితే తలుపులోకి దిగి నోరు మూసుకుంటాయి. అందుకే అత్తగారి ప్రస్తావన వస్తే కోడళ్ళు ముందు అద్దం దించుతారు. అదే అద్దం పగిలిందా, ఒక్కసారి గొల్లుమని గోల చేస్తుంది. ఆ పైన ఏ ముక్కకి ఒట్టి చెయ్యి తగిలితే ఆ ముక్క తనలో ఉన్న మాట చెప్పేసి, ఇక మామూలు గాజైపోతుంది.

మొక్కలావిడకి అర్థంకానిది ఏమిటంటే, తను కూర్చునే వైపు అద్దం ఎప్పుడూ దించే ఉంటుంది. ఎండా వానా ఏమీ లేదు. "గాలి రావాలి" అంటాడు మౌనంగారు. వానాకాలంలో ఆవిడ ఒళ్ళో తువ్వాలు పరుచుకుని కూర్చునేది. గాలి కావలసింది ఎవరికో, తడిసేది ఎవరో అని గొణుక్కునేది.

అలా గొణుక్కుంటున్న రోజుల్లోనే పక్క ఊళ్ళో బేకరీ నడిపే వాళ్ళక్క కబురు పెట్టింది. నువ్వు నా దగ్గరికొచ్చి పని చూసుకోవే, మీ ఆయన్ని సెలవులకి చూసుకుందువుగాని, ఆదివారంలోగా చెప్పు, లేకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటా అంది. ఆ రాత్రి అన్నం దగ్గర ఆవిడ భర్తకి విషయం చెప్పి, ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది. ఆయన మజ్జిగ కలుపుకుని, ఒక ముద్ద తిని, "నీ ఇష్టం" అన్నాడు. వద్దు అంటాడేమోనని ఎదురుచూసింది ఆవిడ. ఆ మాటకి ఆవిడ మనసు చివుక్కుమంది.

అద్దం పగిలింది ఆ మర్నాడే. మూడో అంతస్తులో ఇవ్వాల్సిన ఇంటికి తాళం వేసి ఉంది. కుండీ చంకనెత్తుకుని వెంటనే కిందికి వచ్చేసరికి, తన సీటు వైపు అద్దం పైకి ఎత్తి ఉంది! మౌనంగారు ఇటువైపుకి వంగి ఏదో చెప్పుకుపోతున్నాడు. ఈవిణ్ణి చూడగానే కంగారుపడి హ్యాండిల్ గిరగిరా తిప్పేశాడు. అద్దం సగంలో ఇరుక్కుంది. ఆవిడ ఎక్కి, తన అలవాటు ప్రకారం తలుపు ధడాలున వేసింది. అంతే, అద్దం భళ్ళున రాలిపోయింది. సంతలోకి తలుపు తెరిచినట్టు ఒక్కసారి గోల లేచి ఆగిపోయింది.

"అదేమిటండీ, మీ గొంతులా ఉందే?"

"రేడియో" అన్నాడు మౌనంగారు.

ఆ బండిలో రేడియో పాడైపోయి ఎన్నేళ్ళయిందో. ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన, "గుచ్చుకుంటాయి, ముట్టుకోకు" అంటూ ఓ అట్టముక్కతో సీటు మీది గాజంతా సంచిలోకి తోసి, ముడి మీద ముడి వేసి తన సీటు కిందికి నెట్టేశాడు. తలుపు లోపలికి జారిన గాజు మాత్రం లోపలే ఉండిపోయింది. బండి కదిలితే గలగలమంటోంది.

ఆ గలగల మొక్కలావిడని కుదురుగా కూర్చోనివ్వలేదు. తను దిగి వెళ్ళిన ప్రతిసారీ ఈ మనిషి అద్దం ఎత్తుకుని మాట్లాడుతున్నాడన్నమాట! ఏం మాట్లాడి ఉంటాడు? మంచి మాటలైతే తనతోనే అనేవాడుగా. ఇన్నేళ్ళ చాడీలూ ఆ తలుపులో కుప్పపడి ఉన్నాయని ఆవిడకి నమ్మకం కుదిరింది. అక్కకి ఏం చెప్పాలో ఆ గాజు విన్నాకే తేల్చుకోవాలనుకుంది. అలా కొత్త అద్దం వేయించే షాపు వెతుక్కుంటూ ఇద్దరూ బయల్దేరారు. ఆవిడకి తలుపు విప్పి గాజు బయటికి తీసే షాపు కావాలి. ఆయనకి ఆ పని తప్ప ఏదైనా చేసే షాపు కావాలి. ఈ మాట ఇద్దరూ పైకి అనలేదు.

మొదటిది పెద్దరోడ్డు మీద షోరూం. లోపల చల్లగా ఉంది, మెత్తటి సోఫాలున్నాయి. ఇస్త్రీ చొక్కా ఆయన నవ్వుతూ వచ్చాడు.

"తలుపులోకి గొట్టం పెట్టి పీల్చేస్తాం సార్. మాటలతో సహా పోతాయి. మీరు కాఫీ తాగేలోపు అయిపోతుంది."

మౌనంగారి ముఖం వెలిగిపోయింది.

"పీల్చినవి ఎక్కడికి పోతాయి?" అడిగింది మొక్కలావిడ.

"చెత్తలోకి మేడమ్."

సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి పకపకా నవ్వులు వినబడ్డాయి. పనివాళ్ళు మెషిన్ సంచి నేల మీద బోర్లించి, ఎవరి గాజో ఒక్కొక్కటీ తీసి వింటున్నారు. ఎవరో పెద్దమనిషి గొంతు "బంగారుకొండా, ఈ ఒక్కసారికీ క్షమించవూ" అని బతిమాలుతోంది. మౌనంగారు భార్య కంటే ముందు బయటికి నడిచాడు.

రెండోది రోడ్డు పక్కన రేకుల షాపు, పాత అద్దాలు అమ్ముతారు. షాపాయన పుచ్చకాయలు చూపించినట్టు ఒక్కో అద్దాన్నీ తట్టి వినిపించాడు. ఒకటి తడితే పసిగొంతు "ఇంకెంత దూరం?" అంది. ఇంకోటి "నేను ముందే చెప్పానా లేదా?" అని గయ్యిమంది.

"ఇది తీసుకోండి బాబూ, మంచి కుటుంబంలో అద్దం. తలుపు విప్పడాలూ అవీ ఏం లేవు. లోపల పడ్డవి లోపలే పడుంటాయి, వాటి మానాన అవి."

ఆ చివరిమాటకి మౌనంగారు మెత్తబడ్డాడు. మొక్కలావిడ మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. "మన ఇంట్లో గొడవలు చాలవని పక్కవాళ్ళవి కూడా మోసుకు తిరగాలా? పదండి."

బండెక్కాక, ఎన్నడూ లేనిది మౌనంగారే నోరు విప్పాడు.

"చెవిటి తాతగారి షాపుకెళ్దాం."

"ఆయన తలుపు విప్పుతారా?"

"విప్పుతాడు. ఆయనకి వినపడదు."

తను ఎంతో తెలివైన ఏర్పాటు చేశానని ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది. గాజు తీసేది తాతగారు, ఆయనకి చెవులు వినపడవు, తను ఆవిణ్ణి అవతల కూర్చోబెడతాడు. అంతటితో సరి. ఆవిడ ఆయన్ని ఓరగా చూసి సరేనంది.

తాతగారి షాపు ఇరుకు సందులో, ఓ టైలరుకీ చెప్పులు కుట్టేవాడికీ మధ్యలో ఉంది. ఆయన మనిషి భారీగా ఉంటాడు, మాట అంతకంటే భారీగా ఉంటుంది. తన మాట తనకే వినపడదు కాబట్టి అరిచినట్టు మాట్లాడతాడు. తలుపు లోపలి అట్ట విప్పి, చేతులకి తొడుగులు వేసుకుని, అడుగున పేరుకున్న గాజునీ, ఆవిడ భర్త సీటు కిందనుంచి లాగి ఇచ్చిన సంచిలోదాన్నీ స్టీలు పళ్ళెంలోకి దోసి, ఆ పళ్ళెం తీసుకొచ్చి మొక్కలావిడ ఒళ్ళో పెట్టాడు.

"ఒక్కో ముక్కా తియ్యమ్మా! మాట మిగిలిన ముక్క దగ్గర్లో ఒక్కటున్నా సరే, కొత్త అద్దానికి అంటుకుంటుంది. అన్నీ ఖాళీ అవ్వాలి. నాకు వినపడి చావదు, నువ్వే వినాలి."

"నేను వింటాను" అంటూ మౌనంగారు చెయ్యి చాపాడు. తాతగారికి అది వినపడలేదు.

ఆవిడ ఒట్టి చేత్తో ఒక ముక్క తీసింది. అది మౌనంగారి గొంతుతో ఏదో అని ఊరుకుంది. ఆవిడ అర్థంకానట్టు దానివంకే చూసింది.

"చెప్పిందా?" అరిచాడు తాతగారు.

ఆవిడ తలూపింది.

"అలా కాదు! జనం సిగ్గుపడి, ఏమీ చెప్పకపోయినా చెప్పిందనేస్తారు. ఏం చెప్పిందో గట్టిగా చెప్పు, నేను పెదాలు చూస్తా!"

"మోకాలు" అంది ఆవిడ.

"ఏంటీ?"

"మోకాలు!" అని అరిచింది ఆవిడ. పక్కన కుట్టుమెషిన్ ఆగింది.

"ఊఁ, కానీ!"

"మూడంతస్తులు ఎలా ఎక్కుతుందో!" ఇంకోటి తీసింది. "నేను మోస్తానంటే వినదు!" ఇంకోటి. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు!" చెప్పులు కుట్టేవాడు సుత్తి పక్కన పెట్టాడు. మౌనంగారు బండి వెనక్కి వెళ్ళి, ఏ లోపమూ లేని టైరుని శ్రద్ధగా పరీక్షించడం మొదలుపెట్టాడు.

"ఎండిపోయిన కొమ్మకి కూడా చిగురు తెప్పిస్తుంది!" అనేసరికి ఆవిడ టైరు దగ్గరున్న భర్త వైపు తిరిగి చూసింది. అయినా అరవక తప్పదు కదా. "ఊరవతల ఖాళీ షెడ్డు!... అద్దెకిస్తారట!... మనమే పెంచుదామా అని అడగాలి!... తను పెంచితే నేను తిప్పుతా!... ఇవాళ అడుగుతా!" ఆ తర్వాత తీసిన ముక్క "రేపు" అంది. దాని పక్కది కూడా "రేపు" అంది. గుప్పెడు తీస్తే గుప్పెడూ "రేపు, రేపు" అని గుసగుసలాడాయి.

"ఏమంటున్నాయి?"

"రేపట తాతగారూ! అన్నీ రేపే!"

సందులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడకీ నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. సొంతంగా మొక్కలు పెంచాలని ఆవిడకి ఎంత కోరికో. అది పగటికలే కదా అని ఆయనకి ఒక్కసారైనా చెప్పలేదు. ఆయన మాట్లాడడని ఇన్నాళ్ళూ ఏడ్చింది గానీ, తను మాత్రం అసలు సంగతి ఎప్పుడు చెప్పింది గనక?

పళ్ళెంలో అట్టడుగున రెండు ముక్కలు మిగిలాయి. అద్దం పగిలే ముందు అన్న మాటలు కాబోలు. ఒకటి తీసింది. "వెళ్ళొద్దంటే ఉండిపోతుంది" అంది అది. రెండోది తీసింది.

"ఏమందమ్మా?"

ఈసారి ఆవిడ అరవలేదు. మెల్లిగానే అంది.

"ఇష్టం లేకుండా ఉండిపోతే ఎలా, అంది." తాతగారు పెదాలు చూసి పోల్చుకున్నాడు.

టైలరు మళ్ళీ మెషిన్ తొక్కడానికి కాస్త సమయం పట్టింది. తాతగారు మాత్రం "ఖాళీ!" అని కేకేసి, పళ్ళెం తీసుకెళ్ళి బోర్లించి, కొత్త అద్దాన్ని తలుపులోకి దింపి, మరలు బిగించి, అట్ట మూసి, హ్యాండిల్ తిప్పి చివరిదాకా ఎత్తాడు.

"పసిగుడ్డు లాంటిది! ఏమీ ఎరగదు! ఇద్దరూ లోపల కూర్చుని మొదటిమాట మీరే చెప్పండి. లేకపోతే వీధిలో హారన్లు పట్టుకుని కూర్చుంటుంది!"

ఇద్దరూ ఎక్కారు. ఈసారి ఆవిడ తలుపు నెమ్మదిగా వేసింది. అద్దం ఎత్తి ఉండగా వాళ్ళిద్దరూ ఆ బండిలో కలిసి కూర్చోవడం అదే మొదలు. బయటి సందడి తగ్గిపోయి, ఒకరి ఊపిరి ఒకరికి వినపడుతోంది. మౌనంగారు నోరు తెరిచాడు, మూశాడు. ఆవిడ సాయం చేద్దామనుకుని, మళ్ళీ ఊరుకుంది.

"అద్దం ఎత్తి ఉంది" అన్నాడు చివరికి.

"ఉండనీండి."

ఆయన స్టీరింగ్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"షెడ్డు చూసొద్దామా?"

"ఎప్పుడు?"

రేపు అని ఉంటే ఆవిడ తలుపు తీసుకుని దిగిపోయేదే. ఆయనకీ ఆ సంగతి తెలిసినట్టుంది.

"ఇప్పుడు" అన్నాడు.

బండి సందు దాటి రోడ్డెక్కింది. మలుపు దగ్గరికి రాగానే ఆవిడే అడిగింది, "ఎడమా, కుడా?" అని. ఆయన ఎడమకి తిప్పుతూ, అక్కడ బావి ఉందనీ, పైకప్పులో సగం రేకులు తీసేస్తే ఎండ సరిపోతుందనీ, మధ్యాహ్నం నీడ ఏవైపు పడుతుందో రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాననీ చెప్పడం మొదలుపెట్టాడు. మాటకీ మాటకీ మధ్య కొంచెం తడబడుతున్నాడు గానీ ఆగడం లేదు. గతుకు వచ్చింది. అద్దం ఆయన గొంతుతోనే "ఇప్పుడు" అంది. మౌనంగారి చెయ్యి అలవాటుకొద్దీ అద్దం హ్యాండిల్ వైపు వెళ్ళి, సగం దారిలో ఆగి, గేరు మీదికి వచ్చేసింది.

ఆవిడ ఫోను మోగింది. అక్క.

"ఏమైందే? ఆదివారం బస్సెక్కుతున్నావా, లేదా?"

"లేదక్కా, రావట్లేదు. మళ్ళీ చేస్తానుండు" అంది మొక్కలావిడ. "మా ఆయన మాట్లాడుతున్నారు."