ఇనుము ఒక్కటే కనిపించే బొమ్మ

"ఒక్క బొమ్మ చేసి పంపెయ్ బ్రోన్, నీకది ఎంత సేపని," అన్నాడు లాక్లన్ ఫోన్లో. మా ల్యాబ్ యజమాని. ఎంతోసేపు పట్టని పనులన్నీ ఇన్నేళ్ళుగా నా నెత్తినే పడ్డాయి. మగవాళ్ళు యంత్రంలో నమూనా పెట్టి స్పెక్ట్రం, అంటే అందులో ఏ లోహం ఎంతుందో శిఖరాలుగా చూపే గీత, తీస్తారు. ఆ ఫైలు మా యంత్రపు సాఫ్ట్‌వేర్లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. దాన్ని నలుగురూ చూడగలిగే జేపెగ్గో, పీఎన్‌జీయో చేసి, అంచులు కత్తిరించి, అక్షరాలు పెద్దవి చేసేది నేను. నేనూ వాళ్ళతో సమానంగా కెమిస్ట్రీ చదివినదాన్నే. "బ్రోన్ చెయ్యి పడితే బొమ్మకి కళ వస్తుంది" అంటే మొదట్లో మురిసిపోయాను కూడా, నా మొహం!

ఈసారి బొమ్మ మా అమ్మాయి టిల్లీ వెళ్ళే కిండర్‌ది, అంటే చిన్నపిల్లల బడిది. టిల్లీకి నాలుగేళ్ళు. కిందటి నెల ఒక శనివారం తల్లిదండ్రులందరం కలిసి అక్కడి ఊయలల కింద, జారుడుబల్ల కింద చెక్కపేళ్ళు పరిచాం. మా లోయలో బడి పనులు ఇలాగే జరుగుతాయి. మగవాళ్ళు పారలు పడతారు, సాసేజులు కాలుస్తారు, ఫోటోల్లో పడతారు. ముందురోజు కేకులు చేసేదీ, అందరూ వెళ్ళాక జిడ్డు పెనాలు తోమేదీ మేము. పేళ్ళు ఇచ్చింది మా ఆయన ముర్రే, తను మేస్త్రీగా ఉన్న కలప మిల్లు నుంచి ట్రెయిలర్ల కొద్దీ తెచ్చాడు. కిండర్ కమిటీకి పెద్ద మా అత్తగారు ఐలీనే. "మా వాడిది పెద్ద చెయ్యమ్మా," అని ఆ రోజంతా అందరితో చెప్పుకుంది.

తర్వాత ఎవరో తల్లి, పేళ్ళల్లో కొన్ని ఆకుపచ్చగా ఉన్నాయని సంచిలో వేసుకొచ్చింది. చెదపట్టకుండా మందెక్కించిన కర్రే అలా ఉంటుంది. కమిటీ లాక్లన్‌ని అడిగింది, లాక్లన్ ఉచితంగా చేసి పెడతానన్నాడు. ఉచితమంటే సెలవురోజున నేను.

పొద్దున్నే వెళ్ళి నమూనా పెట్టాను. తెర మీద ఇనుము శిఖరం ఒక్కటే పైదాకా లేచింది. మా ఎర్రమట్టి అంటుకున్న దేనికైనా అంతే, కంగారు పడాల్సిందేం లేదు. కానీ దానికి అటూ ఇటూ అడుగు గీత మీద ఏవో గరుకులు కనపడ్డాయి. నిలువు కొలత తగ్గించి చూశాను. ఇనుము తల తెర దాటి పోయింది, గరుకులు మూడు శిఖరాలై నిలబడ్డాయి. క్రోమియం. రాగి. ఆర్సెనిక్, అంటే పాషాణం. ఈ మూడూ కలిసి ఉండేది మందెక్కించిన కర్రలోనే. సంచిలో అడుగున ఉన్నవీ పెట్టి చూశాను. అవే మూడు.

లాక్లన్‌కి చెప్పాను.

"చూడు బ్రోన్, జనం కంగారు పడతారు. ఇనుము మొత్తం కనపడేలా పెట్టు. అబద్ధమేం కాదుగా, ఉన్నదున్నట్టే కదా అది?"

"అలా పెడితే మిగతావి కనపడవు లాక్లన్."

"కనపడకపోతే అది కొలత తప్పు, నీ తప్పు కాదు. జేపెగ్ చెయ్యి, చిన్న సైజులో. ఫోన్లో తొందరగా తెరుచుకోవాలి."

చిన్న జేపెగ్‌లో సన్నగీతలు అలుక్కుపోతాయి. ఆ సంగతి నాకంటే బాగా అతనికే తెలుసు. ముర్రే, అతనూ ఒకే ఫుట్‌బాల్ క్లబ్బు. బొమ్మ వెనకున్న ఫైలు ల్యాబ్ బయట ఎవ్వరూ తెరవలేరు కాబట్టి, లోయలో ఉన్న తల్లులందరికీ నేను కత్తిరించి ఇచ్చిన ముక్కే నిజమవుతుంది. ఇన్నాళ్ళూ ఇలాంటివి ఎన్ని కత్తిరించి ఇచ్చానో!

మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. ముర్రే వంటగదిలో శాండ్‌విచ్ తింటున్నాడు. టిల్లీ హాల్లో కార్టూన్లు చూస్తోంది.

"షెడ్డు వెనకాల కోళ్ళ దగ్గర నువ్వు అదే లోడులోంచి తెచ్చి పరిచిన పేళ్ళు ఓ గుప్పెడు కావాలి, పోల్చి చూస్తాను," అన్నాను.

"అవి లేవు. తీసేశాను."

"ఎప్పుడు?"

"పోయిన వారం." కొరికింది నమిలి మింగేదాకా ఆగి అన్నాడు, "టిల్లీ ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది కదా."

నేను అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయాను. తను ఏం అన్నాడో అతనికి అప్పుడు తెలిసింది. పళ్ళెం జరిపాడు.

"మిల్లులో మందు కర్రదీ, మామూలు కర్రదీ రెండు కుప్పలూ కలిసిపోయాయి బ్రోన్. లోడరు వాడు చూసుకోలేదు. నేనేం కావాలని చేశానా? ఇప్పుడు బయటపెడితే నా ఉద్యోగం ఉంటుందా?"

"అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు ముర్రే."

"వాన పడితే కొట్టుకుపోతుంది. లాక్లన్ చెప్పినట్టు పంపెయ్. సోమవారం నుంచి టిల్లీని అమ్మ దగ్గర ఉంచుదాం. అమ్మతో మాట్లాడేశాను."

మాట్లాడేశాడట! ఆయనకి తెలుసు, అత్తగారికి తెలుసు, లాక్లన్‌కి ఎంతవరకు తెలుసో దేవుడికి తెలియాలి. తెలియనిది నాకూ, సోమవారం పిల్లల్ని దింపడానికి వచ్చే మిగతా తల్లులకూ. నన్ను అడిగింది బొమ్మొకటే.

"సరేనా?" అన్నాడు, నా భుజం మీద చెయ్యి వేసి. అలిగిన టిల్లీని బుజ్జగించేటప్పుడు కూడా అలాగే వేస్తాడు.

"ల్యాబ్‌కి వెళ్ళొస్తాను," అన్నాను. టిల్లీకి బూట్లు తొడిగాను.

"దాన్నెందుకు?"

"నాతో ఉంటుంది."

అతను గుమ్మం దాకా వచ్చాడు. కారు తిప్పుతుంటే అద్దంలో అక్కడే నిలబడి ఉన్నాడు, ఫోను చెవికి పెట్టుకుని.

ల్యాబ్‌లో టిల్లీకి కాగితాలు, పెన్నులు ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. నా ఫోను ఆగకుండా మోగుతోంది. ముర్రే. ఐలీన్. లాక్లన్. మళ్ళీ ముర్రే. బోర్లా తిప్పి పెట్టాను. నిలువు కొలత తగ్గించాను. ఇనుము తల తెగిపోతే పోనీ. మూడు శిఖరాల మీదా పేర్లు రాశాను. ఆర్సెనిక్ మీద మాత్రం ఎవరికైనా అర్థమయ్యేలా పాషాణం అనే రాశాను. ఒక్క గీత కూడా అలుక్కుపోకుండా పెద్ద సైజులో పీఎన్‌జీ చేశాను. భయంగానే ఉంది, ఎందుకు ఉండదు? రాత్రికి మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి.

కిండర్ తల్లిదండ్రుల గ్రూపులో బొమ్మ పెట్టి, పిల్లల్ని సోమవారం పంపకండి అని రాశాను. పంపబోతూ ఆగాను. ఇది చూసి నమ్మనివాళ్ళు ఉంటారు. యంత్రం తప్పంటారు, బ్రోన్‌కి కంగారెక్కువంటారు. అందుకని కింద ఇంకో వాక్యం రాశాను.

"మా పెరట్లో పరిచిన ఇవే పేళ్ళను నా భర్త పోయిన వారమే తీసేశాడు."