హైమవతి యింటి యెఱ్ఱదీపము

శ్రావణమాసపు బ్రొద్దు. సముద్రముమీదినుండి వీచు నార్ద్రానిలములు బందరుపట్టణపు బెంకుటిండ్లను దడిపి తడిపి విడుచుచుండగా మేఘమాలికాచ్ఛాదితుడైన దినకరుడు తా నుదయించెనో లేదో యని లోకమునకు సందేహము గలిగించుచు నెట్టకేలకు దూర్పున నొకింత పలుచని వెలుగు జిమ్మి మఱల ముసుగు దన్నెను. గొడుగుపేటలో నిల్లాండ్రు వాకిళ్ల బెట్టిన ముగ్గులు పెట్టిన వెంటనే జల్లునకు గరగిపోవుచుండెను. పూలబేరములును బాలవాని సైకిలుగంటయు గలసి వీధినంతయు మేలుకొలిపెను గాని యా వీధిలోని యొక పాతమేడలో నొక యువతికి మాత్రము మేలుకొలుపుతో బనిలేకపోయెను. ఆమె కంటిమీద గునుకే పడియుండలేదు.

ఆమె పేరు హైమవతి. వృక్షశాస్త్రమున జిరకాలపరిశోధన మొనర్చి పండితపట్టమును బడసిన విదుషీమణి. భర్త శేషశాయి దూరమండలమున నింజనీరుగా నుండి యెప్పుడో యొకమా ఱింటికి వచ్చువాడగుటచే నామెయు నత్తగారగు భ్రమరాంబయు నిరువురే యా యింట నుండిరి. ఒక పెద్దకళాశాలలో నధ్యాపకపదవికై హైమవతి పెట్టుకొనిన యర్జీ ఫలించి తుదిపరీక్ష యగు ముఖాముఖి వఱకు వచ్చెను. అది కంప్యూటరు ముందు గూర్చుండి యింటినుండియే యొసగవలసినది. గతవారము తొలిప్రశ్న ముగియకమున్నే యింటి యింటర్నెట్టు తెగిపోయి పరీక్షకుల ముఖములు నోళ్లు తెఱచినవి తెఱచినట్లే బిగుసుకొని యంతర్ధానము నొందెను. కాళ్లావేళ్లా పడి వేడుకొనగా వారు మఱియొక్క యవకాశము నొసగిరి. అది నేటి పదిగంటలకు. ఆ పదవికి విధింపబడిన వయఃపరిమితి యీ యేటితో నామెకు దాటిపోవును గావున నేడు తెగినది రేపు అతికినను నామె కొరుగున దేమియు లేదు.

ఇంతటి యాపదకు మూలమైన వస్తువు ముందుగదిలోని గూటియందు గూర్చున్న రౌటరను చిన్నపెట్టె. దానికి బచ్చదీపము వెలిగిన సౌఖ్యము. ఎఱ్ఱదీపము వెలిగిన నుపద్రవము. శ్రావణము ప్రవేశించిన నాటినుండి యా పెట్టె ప్రతిదినమును బ్రొద్దుట నెఱ్ఱబడి మధ్యాహ్నమునకు దనంతట దానే తేరుకొనుచుండెను. ఫిర్యాదు చేసినప్పుడెల్ల కంపెనీవారి ఫోనులోని మధురకంఠి పెట్టె నార్పి మఱల వెలిగింపుడని యొక్కటే మంత్రము నుపదేశించెను. హైమవతి యార్పెను. వెలిగించెను. తీగలను బెఱికి తుడిచి మఱల గ్రుచ్చెను. పెట్టెను గూటినుండి కిటికీకిని గిటికీనుండి బీరువామీదికిని నెక్కించి యూరేగించెను. దోషము మిక్సీవలన గలుగునని పొరుగింటి యిల్లాలు సెలవియ్యగా బచ్చళ్లన్నియు రోటిలో నూఱి యఱచేతులు పొక్కించుకొనెను. మరమ్మతు చేయు మస్తాను భోజనానంతరము తీరికగా వచ్చుసరికి పెట్టె యేమియు నెఱుగని నంగనాచివలె బచ్చగా వెలుగుచుండెడిది. అతడును దన పరికరమును దగిల్చి చూచి "అమ్మా, మీ యింటి తీగలో వెలుగు చక్కగా వచ్చుచున్నది. దోష మేమియు గానరాదు" అని పలికి పోవువాడు. తుదకు బెట్టెనే మార్చెను. క్రొత్తపెట్టెయు మఱునాటి యుదయమున నెఱ్ఱబడెను. హైమవతికి దలప్రాణము తోకకు వచ్చెను.

భ్రమరాంబ యిదియంతయు జూచుచు నూరకుండు మనిషి కాదు. రౌటరన నేమియో యామె కెఱుక లేదు గాని కోడలి మొగము వాడుట యెఱుక. "ఆ మాయదారి పెట్టెతో నాకేమి గాని యమ్మాయీ, నాకు దెలిసినది యమ్మవారు. నీ కుద్యోగ మగువఱకు మడిగట్టి సహస్రనామపూజ చేసెదను" అని యామె శ్రావణారంభముననే దీక్ష పూనెను. ఆమె మడి యనిన సామాన్యము గాదు. నూతికడ స్నానమాడి ముందునా డారిన చీరను గట్టి, విడిచిన చీరను జాడించి, యెవరి చేయియు సోకని యెత్తున గఱ్ఱతో నారవేసి, పూజ ముగియువఱకు గన్నకొడుకునైనను దాకనీయదు. సోకిన చీర మడికి బనికిరాదు. ఈ యాచారమును హైమవతి కాపురమునకు వచ్చిన నాటినుండి యొక్కనాడును దప్పింపలేదు. ఉద్యోగము వలదని యత్తగా రొక్కమాటయు ననియుండలేదు గదా, యీమాత్రము మన్నింపరాదా యని యామె తలంపు.

ఆనాడు విశేషపూజ గావున నైవేద్యపు బనులలో భ్రమరాంబ స్నానము జాగయ్యెను. తొమ్మిదిగంటలయ్యును రౌటరు పచ్చగానే యుండుట చూచి హైమవతికి నెత్తిన బాలుపోసినట్లయ్యెను. అయినను నమ్మకము చాలక యామె ఫోనుతో మేడమెట్లెక్కి సంకేతము నందుకొన జూచెను. ఆ మందపుగోడల యింటిలో ఫోను మ్రోగుటయే గాని దానిలో నింటర్నెట్టు నిలువదు, వర్షములో మఱియు నిలువదు. ఆమె దిగివచ్చి ముడి సవరించుకొని కంప్యూటరు ముందు గూర్చుండెను. పదిగంట లయ్యెను. పరీక్షకులు గానవచ్చిరి. అధ్యక్షుడు మృదువుగా నామెను బలుకరించి మడయడవుల గూర్చి ప్రశ్నింపగా నది యామె జీవితమంతయు దఱచిన విషయమగుటచే మాటలు దడబడక ధారగా వచ్చెను. ఉప్పునీట నిలిచిన చెట్లు వేళ్లను బైకెత్తి యూపిరి పీల్చు విధమును వివరించుచుండగానే యధ్యక్షుని మొగము ముక్కలు ముక్కలై చెదరెను. "మీ మాట తెగుచున్న దమ్మా. పావుగంట వేచెదము. అంతలో" అనునంతవఱకు వినబడెను. పిదప నిశ్శబ్దము. గూటిలో నెఱ్ఱదీపము మినుకుమినుకుమని కొట్టుకొనుచుండెను.

హైమవతి చేయి యలవాటుచొప్పున బెట్టె మీటమీదికి బోయి యచ్చటనే నిలిచెను. ఆకు వాడినచో ఆ యాకునే తడుముచు గూర్చుండవలదు, కాండమును బట్టి వేరువఱకు బోయి చూడవలయునని శిష్యులకు బోధించిన తాను ఇన్నినాళ్లును ఆకునే తడుముచుంటిగదా యని యామెకు దన తెలివిపై దనకే యసహ్యము వేసెను. పెట్టె వెనుకనుండి వెడలిన సన్నని నల్లతీగను గంటితో బట్టుకొని యామె పరుగిడెను. అది తలుపు పైనుండి నడవలోనికి బ్రాకెను. నడవనుండి పెరటివసారాకు జేరెను. అచ్చట గంటికి గనబడిన దానికి హైమవతి నిలువునా కొయ్యబాఱెను.

వసారాలోని వెదురుదండెము చెదలుపట్టి విఱిగి శ్రావణముతోడనే నేలబడియుండెను. దానికి బదులుగా దీక్షాపరాయణురాలగు భ్రమరాంబ యెవరి చేయియు సోకని యెత్తున గోడనుండి గోడకు లాగబడిన యా నల్లతీగనే దండెముగా నెంచుకొనెను. తొమ్మిదిగజముల కుంకుమరంగు చీర నాలుగుమడతలుగా దానిపై వ్రేలాడి నీరు గార్చుచుండెను. తీగ నడుమ గ్రుంగి మేకుకడ మోచేయివలె వంగిపోయెను. చీర యారినకొలది బరువు తగ్గును, మధ్యాహ్నమునకు దీపము పచ్చబడును, అప్పుడే మస్తాను వచ్చును. అంతయు నొక్కక్షణమున దెలిసిపోయెను. తీగ క్రుంగుటచే జేయిసాచిన జీర యందును. సోకిన నది రేపటి పూజకు బనికిరాదు, దీక్ష చెడును. లోపల దేవుని గదిలో సహస్రనామములు గణగణ మ్రోగుచుండెను. ఆ నామములన్నియు దన కొఱకే. హైమవతి చేయి సాచెను. మఱల వెనుకకు దీసికొనెను. పావుగంట యిసుకవలె జాఱిపోవుచుండెను. తుద కామె దేవునిగది గడప కివతల నిలిచి పలికెను.

"అత్తయ్యా, మీ మడిచీర యా నల్లతీగమీద నున్నది. నా ముఖాముఖి యంతయు నా తీగలోనే నడచుచున్నది. తీయుటకు నాకు జేతులు రాలేదు."

నామము నడుమ నాగెను. పూజాపీఠము విడిచి నడుమలేచుట యెన్నడు నెఱుగని భ్రమరాంబ లేచి వసారాకు వచ్చి తీగను జీరను మార్చి మార్చి చూచెను.

"ఇది వట్టి త్రాడు గాదా యమ్మాయీ?"

"కాదత్తయ్యా. దీనిలో వెండ్రుకవంటి గాజుపోగున్నది. అందుండి వెలుగు ప్రవహించును. వంగినచో వెలు గాగిపోవును."

"అయ్యో తల్లీ! ఇన్నినాళ్లును నీ నోటికి నేనేనా యడ్డుపడితిని!" అని యామె యారవేయు గఱ్ఱను మఱచి చీర నొక్కలాగున లాగి తడిదానిని భుజమున వైచుకొనెను. తీగ కొంత లేచెను గాని మేకుకడి వంపు విడువలేదు. భ్రమరాంబ యప్పుడు గఱ్ఱనందుకొని దాని కొసతో దీగను మెల్లమెల్లగా బైకెత్తెను. ముందుగదికి బరుగెత్తిన హైమవతి యచ్చటనుండియే కేకవేసెను. "పచ్చబడిన దత్తయ్యా! అట్లే యుంచుడు! కదలకుడు!"

పరీక్షకు లింకను వేచియే యుండిరి. విడిచినచోటినుండియే హైమవతి యందుకొనెను. ఒక కన్ను పరీక్షకులమీదను నొక కన్ను గూటిమీదను నుంచి ప్రాణము లఱచేత బెట్టుకొని ప్రతివాక్యమును బూర్తిచేసెను. దీపము రెండుమాఱులు బెదరి మఱల నిలిచెను. ఆ బెదరినప్పుడెల్ల నామె నోట మాటయు బెదరెను. చాలసేపటికి అధ్యక్షుడు కన్నద్దములు దీసి "మీ మాట మాకు స్పష్టముగా వినబడినది. నిర్ణయము సాయంకాలమునకు దెలిపెదము" అని సెలవు దీసికొనెను.

హైమవతి కంప్యూటరు మూసి వసారాకు వచ్చెను. భ్రమరాంబ నిలిచినచోటనే నిలిచియుండెను. మోచేతులు వడవడ వడకుచుండెను. భుజముమీది చీరనుండి నీరు గారి కట్టినచీరయు నిలువెల్ల దడిసిపోయెను. దేవునిగదిలో నూనె తఱిగి దీపము కొండెక్కియుండెను. ముగిసినదని యామె కెవరును జెప్పియుండలేదు.

"అయినదా యమ్మాయీ? దింపవచ్చునా?"

ఆ మాటతో హైమవతి యాచారమును సర్వమును మఱచి యొక్కపరుగున బోయి కఱ్ఱను దీసి యావల బెట్టి యా వడకుచున్న చేతులను దన చేతులతో బొదివి పట్టుకొనెను. పట్టుకొనిన పిదప దాను జేసినపని తెలియవచ్చి నిప్పు ద్రొక్కినట్లు వెనుకకు జరుగబోయెను. భ్రమరాంబ విడువలేదు.

"ఉద్యోగ మయినదా?"

"సాయంకాలము చెప్పుదు రత్తయ్యా. మీ మడి చెడినది. స్నానమునకు నీళ్లు తోడుదునా?"

"వా రేమియు జెప్పక నే నేమని స్నానమాడుదును? చెప్పిన పిమ్మట నాడెదను. అందాక నీ విట్లే నాచేయి పట్టుకొని కూర్చుండుము. నాకును భయముగానే యున్నది" అని భ్రమరాంబ కోడలిని దనప్రక్క వసారాయరుగుపై గూర్చుండబెట్టుకొనెను.

పూజ నడుమలేచినవారికి ఫల ముండునో లేదో శాస్త్రజ్ఞులు నిర్ణయింతురు గాక. ఆ మధ్యాహ్నమంతయు బెరటిలో వాన కురియుచునే యుండెను. అత్తయు గోడలును దడిచీర నొడిలో నిడుకొని యొకరిచేయి నొకరు విడువక మ్రోగని ఫోనువంక జూచుచు గూర్చుండియే యుండిరి.