చివరి రీలులో అరుపు

"ఆ బొమ్మలు తర్వాత చూద్దువుగాని సంయుక్తా, పోపు మాడుతోంది," అన్నారు అత్తగారు.

ఆ బొమ్మలు చూడటమే నా ఉద్యోగమని నాలుగేళ్ళుగా చెబుతున్నాను. మాదాపూర్‌లోని ఒక సబ్‌టైటిల్స్ కంపెనీకి ఇంటినుంచి పనిచేస్తాను. చెవులు వినిపించనివాళ్ళ కోసం సినిమాలోని ప్రతి శబ్దాన్నీ తెలుగులో రాయాలి. తలుపు కిర్రుమంది. ఎవరో ఏడుస్తున్నారు. ఆ ఎవరో ఎవరన్నది తేలాకే రాయాలి. అది మా మొదటి నియమం.

స్టవ్ కట్టేసి మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఈ వారం వచ్చింది పాత నలుపు తెలుపు సినిమా. పున్నమికి తోడేలుగా మారే మనిషి కథ. భయపడదామని కూర్చుని ఏడ్చాను. అతను ముందురోజే ఊరివాళ్ళ దగ్గరికెళ్ళి, "నన్ను గొలుసులతో కట్టేయండి, మీకు హాని చేస్తాను," అని బతిమాలతాడు. కట్టేస్తారు. తర్వాత, అరిస్తే చూడాలని కర్రలతో పొడుస్తారు. మేకప్ నాసిరకం, మొహానికి అంటించిన జుట్టు తెలిసిపోతుంది. కానీ ఆ కళ్ళు మనిషివే. పొడిచేవాళ్ళకి దర్శకుడు కోరలు పెట్టలేదు. రొట్టెలు కాల్చేవాడు, బడిపంతులు, కొత్త పెళ్ళికూతురు. అన్నీ రోజూ చూసే మొహాలు.

నా భర్త ఉదయ్ భాస్కర్‌దీ అలాంటి మొహమే. గచ్చిబౌలిలో వాళ్ళ ఆఫీసంతా అతన్ని మెచ్చుకుంటుంది. మంగళవారం నేను మీటింగ్‌లో ఉండి కాఫీ ఆలస్యం చేశానని ఫ్రిజ్‌కేసి తోశాడు. ముందుగా హెచ్చరించడానికి ఏ పున్నమి చంద్రుడూ రాలేదు. "వాడికి పని ఒత్తిడి. నువ్వే చూసుకుని మసలుకోవాలి," అన్నారు అత్తగారు. నేను లేచేలోపే అతను హాల్లో ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు.

చివరి సీనుకి కంపెనీ పంపిన చిత్తుప్రతిలో 'తోడేలు అరుపు' అని ఉంది. మూడుసార్లు విన్నాను. తోడేలు అప్పటికే చచ్చిపోయింది. ఆ మాట కొట్టేసి 'ఊరివాళ్ళ కేరింతలు' అని రాశాను.

బెల్ మోగింది. కింది ఫ్లాటులో ఉండే నర్సు సారమ్మగారు. గుమ్మం అవతలే నిలబడ్డారు.

"మంగళారం మీ ఇంట్ల ఏంది బిడ్డా ఆ చప్పుడు? నా నెత్తిమీదనే పడ్డట్టు ఇనొచ్చింది. డ్యూటీల ఉన్నా అదే ఫికర్."

"బీరువా జరిపామండి," అన్నారు అత్తగారు నా వెనకనుంచి.

ఉదయ్ సోఫాలోంచే నవ్వాడు. "సారీ ఆంటీ. ఈసారి మీకు చెప్పి జరుపుతాం."

ముగ్గురూ నావైపు చూశారు. నేను అవునంటే చాలు. ఇన్నేళ్ళూ అదే అన్నాను, ఇల్లు నిలబడింది. అందులో నేనే లేను.

"బీరువా కాదండీ," అన్నాను. "ఆయన తోస్తే నేను పడ్డాను. తర్వాత వినిపించిన ఏడుపు కూడా నాదే."

సారమ్మగారు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.