కారు హలో చెబుతోంది

మందుల షాపాయన ఆ సెకండ్‌హ్యాండ్ కారుని చూడగానే మనసు పారేసుకున్నాడు. చిన్న కారుకన్నా కాస్త ఎత్తు, పెద్ద బండికన్నా కాస్త పొట్టి. ఇరుకు వీధుల్లో ఇట్టే తిరుగుతుంది, ఇంటిల్లిపాదీ కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. అమ్మే మనిషి సీట్లకి కొత్త తొడుగులు వేయించి, ముందు రెండు, వెనక ఒకటి సెంటు పొట్లాలు వేలాడదీశాడు. ముక్కున్నవాడెవడైనా ఒక్క కారుకి ఇన్ని సెంట్లెందుకని అడిగేవాడు. మన షాపాయనకి ఆ భాగ్యం లేదు. కిందటేడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి అతని ముక్కు మొహానికి అలంకారంగా మాత్రమే మిగిలింది.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే భార్య అతన్ని గ్యాస్ పొయ్యి దగ్గరికి రానివ్వదు, కూతుర్ని అతని మీద వదిలి డ్యూటీకి వెళ్లదు. అసలే ఏది కొన్నా టోపీ పెట్టించుకొస్తాడని అత్తవారింట్లో పేరు. అందుకే ఈసారి చెప్పాపెట్టకుండా ఒక్కడే వచ్చాడు.

“ఫ్యామిలీ బండి సార్,” అన్నాడు అమ్మే మనిషి, వెనక తలుపు మీద తట్టి. “పిల్లలు లోపల్నుంచి ఎంత లాగినా ఈ తలుపులు తెరుచుకోవు. అంత సేఫ్!”

అంతలో, ఎవరూ ముట్టుకోకుండానే, అన్ని తలుపుల తాళాలూ టక్కున పడ్డాయి.

“ఇదేంటండీ?”

“కొత్త ఓనరుకి హలో చెబుతోంది సార్,” అంటూ ఆయన జేబులోంచి రెండో తాళంచెవి తీసి తెరిచాడు. షాపాయన పగలబడి నవ్వాడు. నవ్వడం మానేసి ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది.

ఇంటికి తెచ్చాక భార్య ఎక్కి కూర్చుంది. నిమిషం పట్టలేదు, దిగిపోయింది.

“ఏంటండీ ఈ మురుగు కంపు? మీకు రావట్లేదా?”

“వస్తోందిలే. కొత్త తొడుగులు కదా.”

“కొత్త గుడ్డకీ మురుగుకీ తేడా తెలీదా మీకు? రేపే ఎవరైనా మెకానిక్‌కి చూపించండి.”

“అలాగేలే,” అని మాట దాటేశాడు. చూపిస్తే బండారం బయటపడుతుంది, బావమరిది మళ్లీ ఏడాదంతా నవ్వుకుంటాడు. చూపించలేదు.

బడికెళ్లే కూతుర్ని ఇంట్లో పిడుగు అంటారు. అది కూడా ఎక్కగానే మొహం చిట్లించింది. “ముక్కు మూసుకుని ఎక్కువసేపు ఎవరుంటారో పందెం!” అన్నాడు తండ్రి. తాళాలు వాటంతటవే పడితే జడుసుకుంది. “కారు నీకు హలో చెబుతోందమ్మా. నువ్వూ చెప్పు,” అన్నాడు. పిడుగు చెయ్యి ఊపింది. ఆ రెండు ఆటలూ దానికి తెగ నచ్చేశాయి. తన తెలివికి తనే మురిసిపోయాడు వెర్రిబాగులవాడు.

ఓ సాయంత్రం బడి నుంచి దాన్ని తీసుకొస్తుంటే వాన పట్టుకుంది. బళ్ల వరసలో జరుగుతూ జరుగుతూ అండర్‌పాస్ వాలులోకి దిగాక అంతా ఆగిపోయింది. ముందు చక్రాలు అప్పుడే నీళ్లలో ఉన్నాయి. పిడుగు ఊరికే కూర్చునే రకమా? సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగేసింది.

“నాన్నా, దీని నిండా బురద!”

వెనక్కి తిరిగి చూశాడు. ఎప్పుడూ బయటికి రాని భాగమంతా ఎండిన బురద, అట్టలు కట్టి ఉంది. లోపల చుట్టుకుని ఉండే బెల్టులోకి బురద ఎలా వెళ్తుంది? కారు మునిగితే వెళ్తుంది. మురుగు కంపని భార్య మొదటిరోజే చెప్పింది.

వెనక్కి పోవాలి. వెనక బండివాణ్ణి జరగమని బతిమాలడానికి, ఇంజన్ ఆపకుండానే దిగి, వానలో రెండడుగులు వేశాడు. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. తాళాలు టక్కున పడ్డాయి.

తలుపు లాగాడు. రాలేదు. అన్నీ లాగాడు. తాళంచెవి లోపలే ఉంది, రెండోది ఇంట్లో మేకుకి వేలాడుతోంది. “ముందుకొచ్చి ఆ తలుపు గడియ లాగమ్మా!” అని గొంతు చించుకున్నాడు. ఆ వాన హోరులో మాట అద్దం దాటలేదు. వెనకవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. రెండు వైపుల రోడ్ల నీళ్లూ వాలులోకే పరుగెత్తుకొస్తున్నాయి, అప్పుడే అతని మోకాళ్లు మునిగాయి.

గోడ పక్కన రాయి దొరికితే రెండు చేతులా ఎత్తాడు. పిడుగు సరిగ్గా ఆ అద్దానికే వచ్చి మొహం ఆనించింది.

“జరుగు తల్లీ, జరుగు!”

అవతలి వైపుకి పరుగెత్తాడు. సీట్ల మీంచి అదీ అటే వచ్చింది. ముందుకి వెళ్తే ముందుకి, వెనక్కి వెళ్తే వెనక్కి, అతను ఏ అద్దం దగ్గరుంటే ఆ అద్దం దగ్గరికి.

నాన్న ఆడుతున్నాడనుకుంది. ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఈసారి పందెం తనే గెలవాలని బుగ్గలు పూరించి, రెండో చేత్తో హలో చెబుతోంది.