శనివారం మొక్కు

పోపులో ఎండుమిరపకాయ పడగానే మోటర్‌హోమ్ పైకప్పుకున్న పొగ అలారం మళ్ళీ కూసింది. శేషుకుమారి ఒక చేత్తో మూకుడు పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు విసిరి దాని నోరు మూయించింది. పొద్దుటినుంచీ ఇదే భాగోతం. అద్దెకు తెచ్చిన ఆ బండిలో కిటికీ సగమే తెరుచుకుంటుంది. బయట ఫిబ్రవరి ఎండ, ఈ దేశంలో అది నడివేసవి. జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. ముంజేతిమీద లాండ్రీ ఇస్త్రీ యంత్రం పెట్టిన పాత మచ్చ పక్కనే నూనె చుక్క కొత్తది పెట్టింది.

ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఆమె పారమట్టా లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు మడతపెడుతోంది. వాటిమీద పడుకునేవాళ్ళెవరో ఆమెకు తెలియదు, వాళ్ళకు ఈమె తెలియదు. ఇంటికొస్తే ఇంటి దుప్పట్లు. కంప్యూటర్లకు వైటూకే గండం గడిచిందన్న సంబరంతో భర్త ద్వారకానాథ్ ఆఫీసు జట్టంతా కుటుంబాలతో ఈ సరస్సు పక్క పార్కుకు తరలివస్తోందంటే, సూపర్‌వైజర్ని బతిమాలి షిఫ్టు మార్చుకుంది. ఆమె కోరిందల్లా ఒక్కటే. ఒక్క పూట ఎవరికీ ఏమీ వండకుండా, ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి.

కానీ ఇవాళ శనివారం. కాంట్రాక్టు పొడిగిస్తే శనివారాలు మాంసమూ, మాంసం తగిలిన గిన్నెలూ ముట్టనని ద్వారకానాథ్ వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు. పొడిగించారు. మొక్కు మొగుడిది, చాకిరీ పెళ్ళానిది. బయట చెట్టుకింద అందరికీ ఉమ్మడిగా బార్బెక్యూ పెనం ఉంది. పొద్దున్న దానిమీద దోసెలు పోస్తానంటే ఇంతెత్తున లేచాడు.

"దానిమీద ఎవరెవరు ఏమేం కాల్చారో! నువ్వు వ్యాన్‌లోనే చెయ్యి. నా శనివారం పాడుచెయ్యకు."

ఆమె శనివారం సంగతి అతనికి పట్టనేలేదు.

అయినా అలవాటు చెడ్డది. పాపం, పొద్దుటినుంచీ ఏమీ తినలేదని పులిహోర స్టీలు డబ్బాకెత్తుకుని అతన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ చెట్టుకిందే దొరికాడు. ఒక చేతిలో బీరు, ఇంకో చేతిలో బ్రెడ్డు చుట్టిన సాసేజీ. మీసానికి కొవ్వు. పక్కన అతని బాసు గ్రెగ్ పకపకా నవ్వుతున్నాడు.

"ఇవాళ శనివారం కదండీ!"

"ష్! గ్రెగ్ ప్రేమగా ఇస్తే నో అంటే బావుంటుందా? ఆఫీసువాళ్ళ ముందు సీన్ చెయ్యకు. అన్నట్టు, ఆర్వోకి, అదే మధ్యాహ్నానికి, బజ్జీలు వేస్తావని వీళ్ళకి ప్రామిస్ చేశాను."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సాసేజీ తిన్నందుకు కాదు. ఏడుకొండలవాడు గ్రెగ్ ముందు ఇంత సులువుగా పక్కకు తప్పుకుంటాడని తెలిసుంటే, పొద్దున్నే తనూ ఆయన్ని తప్పుకోమనేది.

"ఆయన మీకు అడ్డురాలేదు. నా ఒక్కదానికే అడ్డొచ్చాడా?"

డబ్బా తీసుకెళ్ళి పెనం నడిమధ్యన, సాసేజీల మీద పెట్టింది.

అక్కణ్ణుంచి తిన్నగా సరస్సులోకి మోకాళ్ళదాకా దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కాసేపు నిలబడి, ఏడుపు రాకపోయేసరికి ఆమెకే ఆశ్చర్యమేసి, ఒడ్డుకొచ్చింది. జట్టులోని నాసిర్‌కు ఆఫీసునుంచి అర్జెంటు కాల్ వచ్చిందని అతని భార్య రుక్సార్ కారులో సామాను సర్దుతోంది.

"రుక్సార్, నాక్కాస్త చోటుందా?"

"ఉందక్కా, మేం ఇంటికి, గిరావీన్ పోతున్నం. మీ ఆయనకు చెప్పినవా?"

"చెప్పాల్సింది చెప్పాను. నన్ను మా ఇంటిదగ్గర కాదు, పారమట్టాలో దింపు. లాండ్రీలో నాతో చేసే సుమ ఎప్పట్నుంచో గది ఉంది రమ్మంటోంది."

రుక్సార్ ఆమె మొహం చూసి, తడి కుచ్చిళ్ళమీద కప్పుకోమని తన శాలువా ఇచ్చి, కారు తలుపు తీసింది.

కారు గేటు దాటాక ద్వారకానాథ్ "శేషూ!" అని వ్యాన్ వైపు కేకేశాడు. చెట్టుకింద పెనం మీద, మూత తియ్యని స్టీలు డబ్బా అడుగు నల్లబడుతోంది.