నేను అనని ఐదు పాయింట్ మూడు

నేను ఒక త్రాసుని. కూరగాయల త్రాసుని కాదు, గాజు పెట్టెలో కూర్చుని గ్రాములో వెయ్యో వంతు కూడా తేల్చేదాన్ని. అంబాలాలో చేసి, ఎండుగడ్డిలో చుట్టి, ఈ జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకి పంపారు. మొదట్లో ఉన్న మేష్టారు ఊపిరి బిగబట్టి తూచేవారు. ఆయన పోయాక వచ్చిన కోదండపాణి సారుకి నేను బల్ల మీది బొమ్మతో సమానం.

మోల్ అంటే ఏమిటో నాకు తెలీదు. చదువుకోలేదు. వినీ వినీ ఒకటి పట్టుబడింది. వంటసోడా ఎనిమిది పాయింట్ నాలుగు గ్రాములంటే మోల్‌లో పదో వంతట. రెండు మోల్స్ కాలిస్తే ఒక మోల్ బట్టల సోడా మిగులుతుందట, తక్కినది గాలీ ఆవిరీ అయి పోతుందట. కాబట్టి మిగిలేది ఐదు పాయింట్ మూడు గ్రాములు.

లెక్క మంచిదే. నా కోపం దాని మీద కాదు. తూచాక కదా లెక్క వెయ్యాలి. ఇక్కడ కాల్చడమైతే అందరూ కాలుస్తారు, తూచేవాళ్లే లేరు. ముందే లెక్క వేసి, ఆ జవాబు నా పేరున రాసేస్తారు. నేను అనని మాట నేనన్నట్టు రికార్డుల నిండా ఉంటుంది. ఎవరికైనా మండదా?

ప్రాక్టికల్ పరీక్ష రోజు రిజ్వానా అనే పిల్ల నా తలుపు తీసింది. థియరీ అంతంతమాత్రం, ఈ మార్కులు వస్తేనే గట్టెక్కేది. ఎనిమిది పాయింట్ నాలుగు గ్రాముల వంటసోడా తూచి, పింగాణీ మూసలో కాల్చి, చల్లార్చి మళ్లీ తూచింది. మూస బరువు తీసేస్తే ఆరు పాయింట్ ఒకటి. ఇంకోసారి కాల్చి తూచింది. మళ్లీ అదే.

పక్కనున్న సువార్త గొణిగింది. "ఓసే, ఐదు మూడు రాసి పడెయ్. మేమందరం అదే రాశాం."

"ముల్లు అక్కడ ఆగలేదే."

"ముల్లు వచ్చి మార్కులేస్తదా నీకు?"

రిజ్వానా కాసేపు పెన్ను కొరికింది. ఆరు ఒకటే రాసింది.

సారు చూశాడు. "ఫెయిలవ్వాలని ముచ్చటగా ఉందా అమ్మా? ఆ త్రాసు ఎప్పుడో పోయింది. కొట్టేసి రాయి."

"నాకు వచ్చింది ఇదే సార్."

నేను పోయానట. నన్ను ముట్టుకుని ఎన్నాళ్లయిందో ఆ పెద్దమనిషి!

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ అనంతలక్ష్మిగారు పేపర్లన్నీ తిప్పింది. అదే సీసాలోని సోడా తానే తూచి, కాల్చి, మళ్లీ తూచింది. ఆవిడకీ అదే చెప్పాను. ఆరు ఒకటి.

"జక్రయ్యా, ఈ సీసాలో ఏం కలిపావ్?"

అటెండరు తల గోక్కున్నాడు. "ముందు బ్యాచీలు కాల్చగా మిగిలిన పొడేనండి. పారెయ్యడమెందుకని మళ్లీ అందులోనే పోశా. తెల్లగానే ఉందిగా."

"ఒకసారి కాలింది మళ్లీ ఏం కాలుతుందయ్యా? ఈ సోడాకి ఐదు మూడు రానే రాదు." ఆవిడ పేపర్ల కట్ట ఎత్తి పట్టుకుంది. "మరి ఇంతమందికి ఎట్లా వచ్చిందో ఎవరన్నా చెప్పండి."

సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

రిజ్వానా గట్టెక్కింది. మిగతా అందరిచేతా ఆవిడ మళ్లీ తూయించింది. ఆ సాయంత్రమంతా నా తలుపు మూతపడలేదు.

ఆ మర్యాద అంతటితో సరి. వారం తిరక్కుండా సారు నేను పనికిరానని తేల్చి, స్టోర్ రూములో విరిగిన స్టూళ్ల పక్కన పెట్టించాడు. నా చోటుకి కరెంటు త్రాసు వచ్చింది. అంకెలు దానంతటదే చూపిస్తుందట. తలుపు సందులోంచి రోజూ చూస్తూనే ఉంటాను. రికార్డుల నిండా దాని రీడింగులే. దాని వైరు మాత్రం, కొట్లోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, చుట్టచుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంది.