రెండో అంకె

“ఈ జ్వరం ఒక్కళ్లతో ఆగేలా లేదు బాబాయ్. నాకేదో భయంగా ఉంది,” అంది ఆయా, బడి గేటు దగ్గర బల్ల తుడుస్తూ.

“నీకు భయం లేని రోజేదో చెప్పు, ఆ రోజు నీకు సెలవిప్పిస్తాను,” అన్నాడు వాచ్‌మన్. “ఎవరన్నా తుమ్మితే చాలు, నీ ఆలోచన ఆస్పత్రి మంచం దాకా పోతుంది.”

ఆమె నవ్వలేదు. పిల్లలు వరసగా వస్తున్నారు. ఒక్కొక్కరి నుదుటి దగ్గర థర్మామీటర్ పెట్టి, అంకె చూసి, రిజిస్టర్‌లో పేరుకెదురుగా రాయడం ఆమె పని. ఎనిమిదో తరగతితో చదువాగిపోయిన మనిషికి ఆ పని అప్పజెప్పింది ప్రిన్సిపాల్ మేడమే. రెండేళ్ల కిందట ఊళ్లో ఇలాగే అంటుజబ్బు వచ్చినప్పుడు మేడమ్ ఆఫీసులో కూర్చోలేదు. గేటు దగ్గరే నిలబడింది. బడికి రాని ప్రతి పిల్ల ఇంటికీ తనే ఫోన్ చేసింది. ఆయా కూతురు మంచాన పడితే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లింది. “చిన్న అనుమానం వచ్చినా దాచకు. నీ భయమే మన బడికి కాపలా,” అంది. తన భయం కూడా ఒకందుకు పనికొస్తుందని ఆయాతో ఎవరైనా అనడం అదే మొదలు.

ఈసారి మేడమ్ వేరేలా చెప్పింది. “పక్క బడి మూసేశారు. మనదీ మూస్తే పిల్లలు మళ్లీ రారు, యాజమాన్యం మనలో సగం మందిని తీసేస్తుంది. ఎండలో నడిచొచ్చిన పిల్లల నుదురు వేడిగానే ఉంటుంది కదా. కాసేపు నీడలో కూర్చోబెట్టి, మొహం కడిగించి మళ్లీ చూడు. ఆ రెండో అంకె రాయి.”

చన్నీళ్లు తగిలితే ఏ నుదురైనా చల్లబడుతుందని ఆయాకి తెలియక కాదు. ఇంట్లో తడిగుడ్డ వేసేది ఆమే. కానీ చెప్పింది మేడమ్. పదిరోజులుగా తొంభై ఎనిమిది, తొంభై ఎనిమిది అని రాస్తూ వచ్చింది. రాయని మొదటి అంకెలు మాత్రం గదులూడుస్తున్నా, కూర తరుగుతున్నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. సోమవారం తన కూతురికి నూటొకటి చూపించింది. దాని మొహమూ తనే కడిగింది.

పది గంటలకి ఆరోగ్యశాఖ ఆఫీసరమ్మ జీపు దిగింది. ఆయా కూతురి బెంచీలోనే కూర్చునే పిల్ల నిన్నటి నుంచి ఆస్పత్రిలో ఉంది. ఇంకా కళ్లు తెరవలేదు. ఆయా టీ పట్టుకుని వెళ్లేసరికి ఆఫీసు బల్ల మీద రిజిస్టర్ తెరిచి ఉంది.

“అందరికీ తొంభై ఎనిమిదేనా?” అంటోంది ఆఫీసరమ్మ.

“మేం ఈ రిజిస్టర్‌నే నమ్మామండీ,” అంది మేడమ్ నెమ్మదిగా. “చూడటం, రాయడం అంతా మా ఆయా. పాపం, పెద్దగా చదువుకోలేదు. అంకెలు చూడటం సరిగ్గా రాలేదేమో. తప్పు నాదేనండీ, ఇంత పని ఆవిడ మీద పెట్టకుండా ఉండాల్సింది.”

మేడమ్ లేచి ట్రే అందుకుని, ఆయా భుజం మీద చెయ్యి వేసింది. రెండేళ్ల కిందట ఆస్పత్రి వరండాలోనూ అలాగే వేసింది. రెండో చేత్తో ఒక కాగితం ముందుకు జరిపింది. జ్వరం చూడటంలో తన వల్ల పొరపాటు జరిగిందని ఆయా ఒప్పుకున్నట్టు అప్పటికే టైపు చేసి ఉంది.

“సంతకం పెట్టమ్మా, నీకేం కాదు. మీ అమ్మాయి ఫీజు లేకుండా ఇక్కడే చదువుకుంటోంది. దాని సంగతి నేను చూసుకోనా?”

ఆయా పెన్ను తీసుకుంది.

“ఆగమ్మా,” అంది ఆఫీసరమ్మ. “నీకు నిజంగానే అంకె చూడటం రాదా?”

కిటికీలోంచి ఎదుటి గది కనిపిస్తోంది. కూతురు బల్ల మీద తల వాల్చి పడుకుంది. టీచర్ పాఠం మార్చినా ఆ తల లేవలేదు. ఆఫీసరమ్మ మళ్లీ అడిగింది. మేడమ్ చెయ్యి భుజాన్ని కాస్త గట్టిగా నొక్కింది. టీ మీద మీగడ కట్టింది.

ఆయా పెన్ను కాగితం మీద అడ్డంగా పెట్టింది.

“వచ్చండీ,” అంది. “రెండుసార్లు చూశాను. మేడమ్ రెండోదే రాయమన్నారు, రాశాను. ఆస్పత్రిలో ఉన్న పిల్లకి మొదటిసారి నూట రెండు. మొదటి అంకెలన్నీ నాకు గుర్తున్నాయి, చెప్తాను రాసుకోండి. ముందు మా అమ్మాయిది రాయండి.”